దిగే రేవు, ఎక్కే రేవు

హిమాయత్‌నగర్‌లో ఉండేవారెవరైనా ఒక కయాక్ కొని కారు మీద కట్టుకున్నారనుకుందాం. చుట్టూ నీళ్లకు కొదవ లేదు. హుస్సేన్ సాగర్ దగ్గరలోనే ఉంది. చాదర్‌ఘాట్ వైపు రెండు మూడు కిలోమీటర్లు వెళ్తే మూసీ. నగరం దాటి పడమటికి వెళ్తే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. పేటకూ ఆ జలాశయానికీ పేరిచ్చింది ఒక్కరే, ఏడో నిజాం పెద్ద కొడుకు మీర్ హిమాయత్ అలీ ఖాన్. అయినా కయాక్ ఎక్కడ దించాలంటే జవాబు వెంటనే దొరకదు. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ క్లబ్బులున్నాయి కానీ అవి సభ్యుల కోసం. నగరంలో మూసీ మురుగు మోస్తోంది, అందులో చెయ్యి పెట్టడమే ప్రమాదం. జంట జలాశయాల్లో ఉన్నది తాగునీరు. దాంతో కారు వికారాబాద్ దారి పట్టి కోట్‌పల్లి ప్రాజెక్టుకు చేరుతుంది. ఇంకా ఓపికుంటే కొల్లాపూర్ మీదుగా సోమశిలకో, నాగార్జున సాగర్‌కో వెళ్తుంది.

చిక్కుప్రశ్న ఎదురయ్యేది అక్కడే. కృష్ణ ఒడ్డున కిలోమీటర్ల కొద్దీ నీరుంటుంది, కానీ ఊరి జాలర్లు పుట్టి వేసే చోటు ఒకటో రెండో. పక్కనే గట్టు ఎత్తుగా, చెట్ల నీడతో, కారు ఆపుకోవడానికి వీలుగా ఉన్నా అటు వెళ్లరు. అదే నది, అదే నీరు. వంద మీటర్ల తేడాలో ఒకచోట మోకాలి లోతు ఇసుక, ఇంకోచోట నిలువు లోతు, పైగా మనిషిని లాక్కుపోయే వడి. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, ఒక రోజు విహారంలో మనం తీసుకునే నిర్ణయాల్లో సగం ఒడ్డున నిలబడే తీసుకోవచ్చు.

ఒక కాలు ఒడ్డున, ఒక కాలు పడవలో

ఒక్కరు కూర్చునే మామూలు కయాక్ మూడు నాలుగు మీటర్ల పొడవు, ముప్పావు మీటరు లోపు వెడల్పు ఉంటుంది. పాతిక కిలోల అటూ ఇటూ బరువు. జానెడు లోతు నీళ్లున్నా తేలుతుంది. మనిషి దాదాపు నీటి మట్టంలోనే కూర్చుంటాడు కాబట్టి, కూర్చున్నాక కయాక్ చాలా కుదురుగా ఉంటుంది. కుదురు లేనిది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. అప్పుడు ఒంటి బరువు ఎత్తుగా ఉంటుంది. సగం భారం ఒడ్డు మీద, సగం భారం పడవ మీద పడుతుంది. పడవలో పెట్టిన కాలు దాన్ని నది లోపలికి నెడుతుంది. కొత్తవాళ్లు చాలాసార్లు తడిసేది నది నడుమ కాదు, ఒడ్డు దగ్గరే.

నిలిచిన నీటిలో ఇది నవ్వుకుని మళ్లీ ఎక్కే వ్యవహారం. పారే నీటిలో అలా కాదు. పడవ ప్రవాహానికి అడ్డంగా తిరిగి ఒక రాయికో, మోడుకో ఆనుకుందనుకోండి. ఎగువ నుంచి వచ్చే నీరు పడవ పక్కను తాకి, దాని అడుగు కిందకు దూరుతుంది. ఆ లాగుడుకు ఎగువ అంచు కిందికి వంగుతుంది. అంచు మీదుగా నీరు లోపలికి వచ్చేస్తుంది. భయంతో మనిషి రాయికి దూరంగా, అంటే ఎగువ వైపు ఒరుగుతాడు. అదే పడవను బోల్తా కొట్టిస్తుంది. చేయాల్సింది అందుకు పూర్తిగా విరుద్ధం: రాయి వైపు, దిగువ వైపు ఒరగాలి. నీటి వేగం రెట్టింపయితే దాని తోపుడు బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. కంటికి కాస్త వడిగా మాత్రమే కనిపించే నీరు కాళ్లకు అంత బరువుగా తగలడానికి కారణం ఇదే.

కాబట్టి మంచి రేవుకు మొదటి లక్షణం మెట్లు కాదు, గట్టి నేల కూడా కాదు. అక్కడ నీరు నెమ్మదించి ఉండాలి. అలాంటి చోట్లను నది తానే తయారుచేసుకుంటుంది.

ఐన్‌స్టీన్ చాయ్ గ్లాసు

నది వంపు తిరిగే చోట నిలబడి చూడండి. బయటి ఒడ్డు నిలువుగా కోసుకుపోయి ఉంటుంది. చెట్ల వేర్లు గాలిలో వేలాడుతుంటాయి. లోపలి ఒడ్డున ఇసుక మెల్లగా వాలుతూ నీళ్లలోకి దిగుతుంది. నీరు బయటి ఒడ్డునే గుద్దుకుంటుంది కాబట్టి అక్కడ కోత పడుతుందని మనకు తోస్తుంది. అది కొంతవరకే నిజం. కోసిన మట్టి, ఇసుక వచ్చి లోపలి ఒడ్డునే ఎందుకు పేరుకుంటున్నాయన్నది దానితో తేలదు.

1926లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ నదుల వంపుల గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. అందులో ఆయన తీసుకున్న ఉదాహరణ టీ కప్పు. పాలు లేని సులేమానీ చాయ్ గ్లాసులో అడుగున కొంచెం ఆకు ఉందనుకోండి. చెంచాతో గిర్రున తిప్పి చెంచా తీసేయండి. తిరిగే వస్తువు బయటికి విసిరేసినట్టు పోవాలి కదా, ఆకులు గ్లాసు గోడ దగ్గరకు చేరతాయని అనుకుంటాం. అవి నడుమకు వచ్చి కుప్పపడతాయి.

కారణం వరసగా చూద్దాం. తిరిగే చాయ్ గోడ వైపు తోసుకుపోవడంతో అంచు దగ్గర మట్టం కాస్త పెరుగుతుంది. పెరిగిన ఆ మట్టం బరువు నీటిని తిరిగి నడుమకు నెట్టాలని చూస్తుంది. పైభాగంలో చాయ్ వేగంగా తిరుగుతోంది, కాబట్టి బయటికి తోసే బలం దాన్ని తట్టుకుంటుంది. అడుగున గాజును రాసుకుంటూ తిరిగే చాయ్ నెమ్మదిస్తుంది. అక్కడ బయటికి తోసే బలం తగ్గుతుంది, అంచు నుంచి లోపలికి నెట్టే బలం మాత్రం తగ్గదు. అందుకే అడుగున చాయ్ గోడ నుంచి నడుమకు పారుతుంది, ఆకులను వెంట తెస్తుంది.

నది వంపులో జరిగేదీ ఇదే. పై నీరు బయటి ఒడ్డుకు తోసుకుపోతుంది, అక్కడ కిందకు దిగుతుంది, దిగుతూ ఒడ్డు మొదలును కోస్తుంది, నది అడుగున ఇసుకను ఈడ్చుకుంటూ లోపలి ఒడ్డుకు చేరుతుంది. నది దిగువకు పారుతూనే మరమేకులా మెలి తిరుగుతుంటుంది. లోపలి ఒడ్డున లోతు తక్కువ, అడుగు రాపిడి ఎక్కువ, వేగం తక్కువ, కాబట్టి ఇసుక అక్కడే దిగబడిపోతుంది. ఏళ్ల తరబడి ఇలా పేరుకున్న తిప్ప ఏటవాలు నేల అవుతుంది. జాలర్లు పుట్టి వేసేది ఆ వాలు మీద నుంచే. వాళ్లు ఐన్‌స్టీన్‌ను చదవలేదు, నదిని చదివారు.

బయటి ఒడ్డుకు ఇంకో ప్రమాదం ఉంది. కోతకు కూలిన చెట్లు అక్కడే నీళ్లలోకి వాలి ఉంటాయి. మన నదుల వెంట అది ఎక్కువగా సర్కారు తుమ్మ. కొమ్మల మధ్య నుంచి నీరు సాఫీగా వెళ్లిపోతుంది, పడవ వెళ్లదు, మనిషి వెళ్లడు. వెనక నుంచి నీరు అదిమి పట్టి ఉంచుతుంది. నీడ చూసి అటు తెడ్డు వేయకూడదు.

వంపు లేని చోట కూడా నెమ్మదించిన నీరు దొరుకుతుంది. పెద్ద బండ వెనక, ఒడ్డు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతికట్టు వెనక, ఘాట్ దిగువ కొస వెనక నీరు వెనక్కి తిరిగి, ఎగువకు మెల్లగా పారుతుంటుంది. దాన్ని చూసి సుడిగుండమని భయపడతారు. తిరుగుడు మెల్లగా, విశాలంగా ఉంటే అదే ఆశ్రయం. ముక్కును ఎగువకు తిప్పి, పడవను ఒడ్డుకు సమాంతరంగా అందులోకి చేర్చితే నది ఆపిపెట్టినట్టే ఆగుతుంది. వంతెన స్తంభాల విషయంలో మాత్రం జాగ్రత్త: వెనక ప్రశాంతంగానే ఉన్నా, ముందు వైపు పడవ అడ్డం పడితే స్తంభానికి చుట్టుకుపోతుంది.

తిప్ప మీద నమ్మకం ఎప్పుడు పోతుంది

ఇప్పటిదాకా చెప్పింది నదిని దాని మానాన వదిలేసినప్పటి సంగతి. మన దగ్గర లోపలి ఒడ్డు తిప్ప ఇసుక లారీలకు కూడా అనువైన చోటు. ఏటవాలుగా ఉండాల్సిన నేలలో నిలువు గోతులు పడతాయి. నీరు పెరగగానే వాటిని కప్పేస్తుంది. పైకి చూస్తే అదే తిప్ప, అదే మోకాలి లోతు. నాలుగడుగులు వేశాక ఒక్కసారి నేల ఉండదు. గోతి అంచున ఇసుక వదులుగా ఉండి, కాలు పెట్టిన చోటల్లా జారుతుంది కాబట్టి ఈత రానివాళ్లు వెనక్కి ఎక్కలేరు. ఎండాకాలం సెలవుల్లో మన వార్తాపత్రికల్లో నదిలో దిగి మునిగిపోయిన పిల్లల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ గోతులే గుర్తొస్తాయి. నది కట్టిన రేవును మనం తవ్వేశాం, అక్కడ హెచ్చరిక బోర్డు కూడా పెట్టలేదు.

అందుకని ఊరివాళ్లను అడగకుండా కొత్త రేవులో దిగకూడదు. దిగేటప్పుడు తెడ్డుతో ముందు అడుగు లోతు చూసుకుంటూ వెళ్లాలి. లైఫ్ జాకెట్ కయాక్‌లో కూర్చున్నాక కాదు, కారు దగ్గరే వేసుకోవాలి.

కత్వ: ఎగువ నుంచి కనిపించని గోడ

కయాక్‌తో దిగువకు పోయేవాళ్లకు రెండు రేవులు కావాలి, దిగేది ఒకటి, ఎక్కేది ఒకటి. జనం మొదటిదాని గురించి ఆలోచిస్తారు. ప్రాణాలను కాపాడేది రెండోది. ఎందుకో తెలియాలంటే కత్వ దగ్గర నీరు ఏం చేస్తుందో చూడాలి.

వాగుకో నదికో అడ్డంగా, మనిషి ఎత్తు కూడా ఉండని గోడ కట్టి నీటిని కాలువలోకి మళ్లిస్తే అది కత్వ. నగరం దిగువన మూసీ పొడవునా పాత కత్వలున్నాయి. ఇప్పుడు వాగుల మీద చెక్‌డ్యామ్‌లు కూడా చాలా వచ్చాయి. గోడ పొర్లినప్పుడు ఒడ్డు నుంచి చూస్తే తెల్లటి నురుగుతో అందంగా ఉంటుంది, జనం ఫొటోలు దిగుతారు.

గోడ మీదుగా పడిన నీరు తన బరువుతో నేరుగా అడుగుకు దూసుకుపోతుంది. అడుగున కొంత దూరం దిగువకు పరుగెత్తి, వేగం తగ్గాక పైకి ఉబుకుతుంది. ఉబికిన చోట మట్టం కాస్త ఎత్తవుతుంది. గోడ మొదట్లో నీరు కిందకు లాగేయడంతో అక్కడ మట్టం పల్లమవుతుంది. నీరు పల్లానికే పోతుంది. అందువల్ల ఉబికిన నీటిలో కొంత భాగం పైపొరలో వెనక్కి, గోడ వైపు పారుతుంది. అంటే కత్వ కింద పైనున్న నీరంతా మనల్ని తిరిగి గోడకే తెస్తుంది. లైఫ్ జాకెట్ మనిషిని పైపొరలో తేలుస్తుంది, పైపొర గోడకు తీసుకెళ్తుంది, పడే నీరు అడుగుకు తొక్కుతుంది, దిగువన పైకి వదులుతుంది, మళ్లీ వెనక్కి లాగుతుంది. నురుగులో గాలి బుడగలు నిండి ఉండడం వల్ల ఆ నీరు పలచన. జాకెట్ అందులో మామూలుగా లేపినంత లేపలేదు. తెడ్డుకు కూడా పట్టు దొరకదు. గజ ఈతగాళ్లు సైతం ఇందులో అలిసిపోతారు. కాపాడబోయి దూకినవాళ్లూ అందులోనే చిక్కుకుంటారు.

ఎగువ నుంచి వచ్చే కయాకర్‌కు ఇదేదీ కనిపించదు. నీరు అద్దంలా నిలిచి ఉంటుంది, ఎందుకంటే గోడ దాన్ని ఆపుతోంది. ఒడ్డు నుంచి ఒడ్డుకు గీత గీసినట్టు నది ఒకచోట ఆగిపోయినట్టుంటుంది. గీత అవతల చెట్ల మొదళ్లు కనిపించవు, తలలే కనిపిస్తాయి. చప్పుడు వినిపించేసరికి దగ్గరికి వచ్చేసి ఉంటాం. అందుకే ఎక్కే రేవు కత్వకు బాగా ఎగువన, నిదానంగా ఆగడానికి చోటున్న ఒడ్డున ఉండాలి. అక్కడ ఒడ్డెక్కి, పడవను మోసుకుంటూ గోడ దాటి, తెల్ల నురుగు పూర్తిగా పోయిన చోట మళ్లీ దించుకోవాలి. ఎక్కే రేవును ముందు రోజు రోడ్డు దారిన వెళ్లి కళ్లారా చూసి, నీటి మీద నుంచి కూడా గుర్తుపట్టేలా ఒక ఎర్ర గుడ్డ కట్టి రావడం మంచి అలవాటు.

బాక్స్: వార్తల్లో వినే క్యూసెక్కు కయాకర్‌కు ఏం చెబుతుంది?

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపు అడుగు నీరు, సుమారు 28 లీటర్లు. పది వేల క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 2.8 లక్షల లీటర్లు. ఆ నీరు 200 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటర్ల లోతున్న నదిలో పారితే వేగం గంటకు మూడున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ, మనిషి మెల్లగా నడిచినంత. సాధారణ కయాకర్ నిలకడగా గంటకు నాలుగైదు కిలోమీటర్లు తెడ్డు వేయగలడు, కాబట్టి కష్టపడితే ఎదురు వెళ్లొచ్చు. అదే లోతులో నది వంద మీటర్లకు ఇరుకైతే వేగం రెట్టింపవుతుంది. ఇక వెనక్కి రావడమన్నది ఉండదు. రాజమహేంద్రవరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకు ముడుచుకుంటుంది. అక్కడ లోతూ వడీ ఎందుకు పెరుగుతాయో ఈ లెక్కే చెబుతుంది. అందుకే విడుదల అంకె ఒక్కటే చూస్తే చాలదు, ఆ అంకె ఎంత వెడల్పులోంచి పోతుందో చూడాలి.

ఎండలో వచ్చే వరద

పొద్దున దిగినప్పుడు మోకాలి లోతున్న రేవు మధ్యాహ్నానికి అలాగే ఉంటుందన్న నమ్మకం మన నదుల్లో పెట్టుకోకూడదు. కృష్ణ మీద జూరాల, శ్రీశైలం, నాగార్జున సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ వరసగా ఉన్నాయి. వాటి దిగువన నీటి మట్టాన్ని నిర్ణయించేది ఆకాశం కాదు, గేట్లూ టర్బైన్లూ. సాయంత్రం కరెంటు వాడకం పెరిగితే జలవిద్యుత్ యూనిట్లు నడుస్తాయి, దిగువన నది పెరుగుతుంది. మబ్బు ఉండదు, ఉరుము ఉండదు.

హైదరాబాద్ ఇది మరిచిపోలేని విధంగా తెలుసుకుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో బండల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. వాళ్లు నిలబడ్డ బండలు కొన్ని నిమిషాల ముందు పొడిగా ఉన్నాయి. దిగువకు నీరు చేరేటప్పుడు ముందు వచ్చేది రంగు మార్పు: తేటగా ఉన్నది మట్టిరంగుకు తిరుగుతుంది, ఆకులు, పుల్లలు, నురుగు తేలి వస్తాయి, బండల మీద తడి గీత పైకి జరుగుతుంది. అవి కనిపించినప్పుడు సామాన్లు సర్దుకోకూడదు, మనిషి గట్టెక్కాలి.

మూసీ కథ కూడా గేట్ల కథే. 1908 సెప్టెంబర్ 28 వరదలో వేల మంది పోయాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అవి నగరాన్ని ఎన్నోసార్లు కాపాడాయి. నిండినప్పుడు మాత్రం వదలక తప్పదు. 2025 సెప్టెంబర్ చివరి వారంలో రెండు జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. బస్ స్టేషన్‌నే తాకగల నీరు ఒడ్డున కట్టేసిన కయాక్‌ను వదిలిపెట్టదు.

జలాశయంలో రేవు నడుస్తుంది

కోట్‌పల్లి, సోమశిల, సాగర్ వెనక జలాల్లో ప్రవాహం బాధ తక్కువ. అక్కడి చిక్కు వేరు, ఒడ్డు ఒకచోట నిలవదు. ముప్పై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలే గట్టున, నీటి మట్టం ఒక్క మీటరు తగ్గితే నీటి అంచు ముప్పై మీటర్లు లోపలికి జరుగుతుంది. ఆ ముప్పై మీటర్లూ బురద. సోమశిలను ఆనుకున్నది శ్రీశైలం జలాశయం, దాని పూర్తి మట్టం 885 అడుగులు. అది తగ్గుతూ పోతే, సోమశిల అవతలి ఒడ్డున ఏడాదిలో చాలా నెలలు మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడుతుంది. గుడి మొత్తం మునిగి తేలేంత తేడా వచ్చే చోట జనవరిలో చూసిన రేవు ఏప్రిల్‌లో ఉండదు. పైన పొర ఆరి గట్టిగా కనిపించే బురద కింద ఊబి ఉంటుంది. జానెడు నీళ్లుండగానే కయాక్‌లో కూర్చుని బయటికి నెట్టుకోవాలి తప్ప బురదలో నడవకూడదు.

గాలి సంగతి ఒక్క మాట. నీటి మీద గాలి ఎంత దూరం అడ్డు లేకుండా వీస్తే అల అంత లేస్తుంది. మధ్యాహ్నం గాలి పెరుగుతుంది. పొద్దున గాలికి ఎదురు వెళ్లి, అలిసిపోయాక గాలివాటున రేవుకు చేరేలా దారి వేసుకోవాలి.

ఘాట్ పక్కన మూడు మీటర్ల వాలు

కొత్తగా రేవులు కట్టడానికి కోట్లు కావాలనుకోనక్కర్లేదు. 2016 కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి, సోమశిల, నాగార్జున సాగర్, వాడపల్లి, మట్టపల్లి లాంటి చోట్ల ఘాట్లు కట్టారు, బాగుచేశారు. రోడ్డు, పార్కింగ్, దీపాలు అక్కడ ముందే ఉన్నాయి. ఘాట్ స్నానానికి కట్టినది కాబట్టి మెట్లుంటాయి. పడవకు మెట్టు అంచు శత్రువు, నాచు పట్టిన మెట్టు మనిషికి శత్రువు. ఆఖరి మెట్టు తర్వాత ఎంత లోతుందో ఎవరికీ కనిపించదు. అదే ఘాట్ దిగువ కొసన, నీరు వెనక్కి తిరిగి నెమ్మదించే చోట, పది అడుగులకు ఒక అడుగు దిగే గరుకు కాంక్రీటు వాలు మూడు మీటర్ల వెడల్పున ఉంటే చాలు. కయాక్ దిగుతుంది, జాలరి పుట్టి దిగుతుంది, వరదలో విపత్తు దళం రబ్బరు పడవ కూడా క్షణాల్లో దిగుతుంది. దాని పక్కన మట్టం కొలిచే గీతల రాయి ఒకటి, దిగువన కత్వ ఎంత దూరంలో ఉందో, ఆ లోపు ఎక్కే రేవు ఎక్కడుందో చెప్పే బోర్డు ఒకటి, గేట్లు ఎత్తేముందు వినిపించే సైరన్ ఒకటి.

గోదావరి పుష్కరాలు 2027లో, కృష్ణా పుష్కరాలు 2028లో వస్తున్నాయి. ఘాట్ల డ్రాయింగులు ఖరారయ్యేది ఇప్పుడే. ఏళ్లుగా తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ చిరునామాగా ఉన్న టూరిజం హౌస్ హిమాయత్‌నగర్‌లోనే ఉంది. ఆ సంస్థా, రెండు తెలుగు రాష్ట్రాల నీటిపారుదల శాఖలూ కలిసి కూర్చుని ప్రతి పెద్ద ఘాట్‌కు ఆ వాలును, ఆ బోర్డును ఇప్పుడే అంచనాల్లో చేర్చాలి. కాంక్రీటు పోశాక మెట్లు పగలగొట్టి వాలు కట్టడం ఎవరూ చేయరు.